నిప్పు మోతా, ఖాళీ మోతా?

పాత కారు ఇంజన్‌లో మోత మొదలైతే మనవాళ్లు రెండే పనులు చేస్తారు. కొందరు పాటల సౌండు పెంచుకుంటారు. కొందరు ఎవరో చెప్పారని ఇంజన్ మొత్తం విప్పించేస్తారు. ఈ రెండింటికీ మధ్య చేయాల్సిన పని ఒకటుంది బిడ్డా. దానికి పానా కూడా అక్కర్లేదు. మోత ఎప్పుడొస్తోంది, ఎప్పుడు తగ్గుతోంది అని ఓపిగ్గా వినాలి, అంతే.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా బొంబాయి హైవే మీద ఆ వినడమే కష్టం. పాశమైలారం వైపు తిరిగే లారీలు, రుద్రారం దగ్గర హారన్లు, షెడ్లలో ప్రెస్సులు, గ్రైండర్లు. అందుకే నన్నడిగితే తెల్లారగట్లే వినమంటాను. అప్పుడు ఊరూ చల్లగా ఉంటుంది, ఇంజనూ చల్లగా ఉంటుంది. చల్లని ఇంజన్ చెప్పే సంగతులు వేడెక్కాక చెప్పదు.

మోతలు ఎన్ని రకాలున్నా కుటుంబాలు రెండే అని నా లెక్క. నిప్పు వల్ల పుట్టేవి కొన్ని, ఇనుముకూ ఇనుముకూ మధ్య ఖాళీ పెరిగి పుట్టేవి కొన్ని. మొదటివాటికి పెట్రోల్ దగ్గరో, స్పార్క్ టైమింగ్ దగ్గరో మందు దొరుకుతుంది. రెండోవాటికి స్పేర్లు మార్చాలి. ఒకదాని మందు ఇంకోదానికి వేసి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ముందు నిప్పు సంగతి. ముత్తంగి దగ్గర రింగురోడ్డు ర్యాంపు ఎక్కుతూ గేర్ తగ్గించకుండా యాక్సిలరేటర్ తొక్కి చూడు. పాత పెట్రోల్ బండైతే లోపల్నుంచి సన్నగా చిటచిటమని, గలగలమని మోగుతుంది. కాలు తీస్తే ఆగిపోతుంది. సిలిండర్‌లో స్పార్క్ పడ్డాక మంట ఒక మూల నుంచి ఇంకో మూలకు వరుసగా పాకాలి. అది పాకుతున్నకొద్దీ ఇంకా కాలని మిశ్రమం చివరి మూలకు నెట్టుకుపోతుంది, నలుగుతుంది, వేడెక్కుతుంది. లోడు ఎక్కువై వేడి హద్దు దాటితే, మంట తన దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా ఆ మూలే ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ దెబ్బకు సిలిండర్ గోడలు సెకనుకు వేలసార్లు కంపిస్తాయి. మనకు వినిపించేది ఆ కంపనమే. లోపల ఏ భాగమూ వదులైపోలేదు. అలాగని రోజుల తరబడి వదిలేస్తే మాత్రం పిస్టన్ తల చిల్లులు పడుతుంది.

ఈ మోత వెనక ఒక పాత కథ ఉంది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు కార్లకు సెల్ఫ్ స్టార్టరు, బ్యాటరీ ఇగ్నిషన్ తెచ్చాడు. ఇంజన్లు మోగుతుంటే జనం ఆయన ఇగ్నిషన్‌నే ఆడిపోసుకున్నారు. ఆయన తన దగ్గర పనిచేసే థామస్ మిడ్గ్లీని ఈ సంగతి తేల్చమన్నాడు. ఎర్రటి ఆకులుండే ఒక మొక్క మంచులో కూడా ముందే పూస్తుంది కదా, ఎరుపు వేడిని లాక్కుంటుందేమో, పెట్రోల్‌ను ఎర్రగా చేస్తే మోత ఆగుతుందేమో అని వాళ్ల ఊహ. 1916లో మిడ్గ్లీ రంగు కోసం వెతికితే స్టోర్‌లో ఎర్ర రంగు లేదు. అయోడిన్ ఉంటే అదే కలిపాడు. మోత ఆగింది! తరువాత వేరే ఎర్ర రంగులు కలిపి చూస్తే ఆగలేదు. పని చేసింది రంగు కాదు, అయోడిన్. తప్పుడు ఊహతో సరైన తలుపు దొరకడమంటే ఇదే. అక్కణ్ణుంచి వెతుక్కుంటూ వెళ్లి 1921 డిసెంబరులో టెట్రా ఇథైల్ లెడ్ దగ్గర ఆగారు. చిటికెడు కలిపితే చాలు, మోత మాయం. కానీ అందులోని సీసం పొగలోంచి పిల్లల రక్తంలోకి చేరింది. మన దేశమంతటా సీసం లేని పెట్రోల్ వచ్చేసరికి 2000 అయింది.

మోతను తట్టుకునే శక్తికి కొలతే ఆక్టేన్ సంఖ్య. ఐసో ఆక్టేన్‌కు 100, హెప్టేన్‌కు సున్నా అని పెట్టుకుని మిగతావాటిని వాటితో పోలుస్తారు. ఈ20 రాకముందు మన మామూలు పెట్రోల్‌కు కనీసం 91 ఉండాల్సి ఉండేది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌కు 95. ఇథనాల్ ఆక్టేన్ నూరు దాటుతుంది మరి. ఈ ఇథనాల్ కథలో మన పటాన్‌చెరుకూ వాటా ఉంది. 1972లో ఇక్కడ మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు తీపి జొన్న రకాల మీద ఏళ్ల తరబడి పని చేశారు. గింజ రైతుకు, కాండంలోని రసం ఇథనాల్‌కు అన్నది ఆలోచన. వాళ్ల తోడ్పాటుతోనే సంగారెడ్డి దగ్గర రుస్ని డిస్టిలరీస్ 2007లో తీపి జొన్న రసం నుంచి ఇథనాల్ తీయడం మొదలుపెట్టింది. కాబట్టి “ఇథనాల్ కలిపిన పెట్రోల్ పోస్తే నాకింగ్ వస్తది” అని ఎవరైనా అంటే నిప్పు మోత విషయంలో అది తిరగేసిన మాట. ఖాళీ మోత విషయంలో మాత్రం ఆ మాటలో కొంత నిజముంది. దాని దగ్గరికే వస్తున్నాను.

మధ్యలో డీజిల్ గురించి ఒక్క ముక్క. 1980లలో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యేవి. తరువాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వచ్చింది. ఆ లారీ పొద్దున్నే స్టార్ట్ చేస్తే డబడబమనేది. జబ్బేమీ లేదు, డీజిల్ పద్ధతే అది. అక్కడ స్పార్క్ ఉండదు. వేడి గాలిలోకి చిమ్మిన డీజిల్ క్షణంలో చిన్న భాగం ఆలస్యం చేసి, అప్పటిదాకా పోగైనదంతా ఒకేసారి అంటుకుంటుంది. పెట్రోల్ త్వరగా అంటుకోకూడదు, డీజిల్ ఆలస్యంగా అంటుకోకూడదు. ఒకరికి వరమైంది ఇంకొకరికి శాపం.

ఇక ఖాళీ మోత. పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ చేసే మా వీధి కుర్రాడికి కార్బురేటర్ కాలం నాటి పాత మూడు సిలిండర్ల కారుంది. ఇంజన్ వేడెక్కాక అడుగు నుంచి టక్ టక్‌మని బరువుగా మోత. ఎవరో వేరే పెట్రోల్ పోయించమన్నారు, ఇంకెవరో ఫుల్ ఇంజన్ చేయించమన్నారు. “తాతా, ఉన్నదంతా ఊడ్చినా ఫుల్ ఇంజన్‌కు సాలదు” అని నా దగ్గరికొచ్చాడు. ఇద్దరం కలిసి హైవే పక్కన నాకు తెలిసిన ఉస్తాద్ షెడ్డుకు పోయాం.

ఉస్తాద్ బానెట్ ఎత్తి అడిగిన మొదటి ప్రశ్న, “సల్లగున్నప్పుడు వస్తదా, గరమైనంక వస్తదా?” ఆ ఒక్క ప్రశ్నలో సగం శాస్త్రముంది. పిస్టన్‌కూ బోరుకూ మధ్య ఖాళీ పెరిగితే చల్లగా ఉన్నప్పుడే మోగుతుంది. వేడెక్కి పిస్టన్ ఉబ్బాక తగ్గిపోతుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగితే దీనికి తలకిందులు. వేడెక్కినకొద్దీ ఆయిల్ పల్చనై మోత పెరుగుతుంది.

రెండోది, మోత వేగం. ఐడిల్‌లో క్రాంక్ నిమిషానికి 900 చుట్లు తిరుగుతుందనుకో, సెకనుకు 15. వాల్వులు రెండు చుట్లకు ఒక్కసారి తెరుచుకుంటాయి, అంటే సెకనుకు ఏడున్నర. టప్పెట్ సౌండు ఆ నెమ్మది లెక్కలో పైనుంచి టిక్ టిక్‌మంటుంది. కింద క్రాంక్ దగ్గరి మోత దానికి రెట్టింపు. లెక్కపెట్టలేం గానీ అలవాటైన చెవి పట్టేస్తుంది. చెవి మీద నమ్మకం లేకపోతే టైమింగ్ లైటు ఒక ప్లగ్ వైరుకు తగిలించి, వెలుగుకు ఒక్క మోతా, రెండు మోతలా అని చూడొచ్చు.

మూడోది, ఏ సిలిండరు? ఉస్తాద్ ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకి పెట్టాడు. రెండోది పీకగానే మోత సగానికి పడిపోయింది. ఆ సిలిండర్‌లో మంట లేకపోతే రాడ్ మీద తోపు తగ్గుతుంది, వదులు బేరింగు కొట్టుకోదు. ఇప్పటి బండ్ల మీద ఈ పని చేయకు. కాలని పెట్రోల్ పొగగొట్టంలోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది. తరువాత పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ అడుగున ఆనించి, పిడి చెవి ముందున్న ఎముకకు నొక్కి విన్నాడు. ఎముక గుండా వచ్చే శబ్దంలో రోడ్డు గోల కలవదు.

ఇంతవరకూ చూస్తే రాడ్ బేరింగే. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ దించేయాలి. కానీ అతను ముందు డిప్‌స్టిక్ తీశాడు. ఆయిల్ తక్కువుంటుందనుకుంటే పై గీత దాటి ఉంది! వాసన చూసి నా ముక్కు ముందు పెట్టాడు. పెట్రోల్.

పాత కార్లలో ఇంజనే తిప్పే పెట్రోల్ పంపు ఉంటుంది. దాని లోపలి రబ్బరు పొర చిట్లితే పెట్రోల్ నేరుగా చాంబర్‌లోకి కారుతుంది. ఆయిల్ మట్టం పెరుగుతుంది, ఆయిల్ నీళ్లవుతుంది. ఇథనాల్‌కు తగ్గట్టు చేయని పాత రబ్బరు ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో ఉబ్బి, పెళుసై పగులుతుంది. ఇథనాల్ నిప్పు మోతను ఆపుతుంది గానీ, ఇలా దొడ్డిదారిన ఖాళీ మోతను తేగలదు.

ఆయిల్ పల్చబడితే ఇనుము ఎందుకు మోగుతుంది? బేరింగులో షాఫ్టుకూ దాన్ని చుట్టి ఉండే షెల్‌కూ మధ్య ఖాళీ వెంట్రుక మందం కన్నా తక్కువ. అయినా ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఆ రెండూ ఒకదాన్నొకటి తాకకూడదు. చెరువు మీదికి చిల్లపెంకు విసిరితే వేగం ఉన్నంతసేపూ నీళ్ల పైపైనే ఎగురుతుంది, వేగం తగ్గగానే మునుగుతుంది కదా. తిరిగే షాఫ్టు కూడా ఆయిల్‌ను తన కిందికి లాక్కుని, దాని మీద తేలుతుంది. ఈ సంగతి 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగులు పరీక్షిస్తూ అనుకోకుండా పట్టుకున్నాడు. ఆయిల్ పోయడానికి బేరింగు నెత్తిన రంధ్రం వేస్తే, షాఫ్టు తిరుగుతుండగా ఆయిలే పైకి ఉబికింది. బెండు పెట్టి బిగిస్తే ఎగిరిపోయింది, చెక్క బిరడా పెడితే అదీ ఊడింది. ఒత్తిడి మీటరు పెడితే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. బరువంతా మోస్తున్నది ఇనుము కాదు, ఆయిల్ పొర! మూడేళ్లకు ఆస్బోర్న్ రేనాల్డ్స్ దాని గణితం రాశాడు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ టర్బైన్ రోటర్లు టన్నుల బరువుతో తిరిగేదీ ఆ లెక్క మీదే. అక్కడ రోటర్ కదలకముందే ఆయిల్ పంపు నడిపిస్తారు. కారుకు ఆ భోగం లేదు. తాళం తిప్పిన మొదటి క్షణాల్లోనే అరుగుదల ఎక్కువ.

పంపూ, పెట్రోల్ పైపులూ కొత్తవి వేసి, ఆయిలూ ఫిల్టరూ మార్చారు. మోత చాలా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అప్పుడు చాంబర్ దించారు. రెండో రాడ్ షెల్ మీద గీతలు. ఇక్కడ మైక్రోమీటరుతో క్రాంక్ కొలవడమే కీలకం. గీతలు క్రాంక్ మీదా పడి ఉంటే, లేదా అది గుడ్డు ఆకారంలోకి అరిగి ఉంటే లేత్ షాపులో గ్రైండింగ్ చేయించి, కాలు మిల్లీమీటరు అండర్‌సైజ్ షెల్స్ వేయాలి. కొలవకుండా కొత్త షెల్స్ వేసేస్తే కొన్నాళ్లకే మోత తిరిగొస్తుంది. మావాడి అదృష్టం, క్రాంక్ నున్నగా, సైజులోనే ఉంది. మూడు రాడ్లకూ స్టాండర్డ్ షెల్స్ వేసి, ఏ క్యాప్ ఆ రాడ్‌కే, టార్క్ రెంచితో బిగించారు. ప్లగ్గులు తీసేసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టి, ఆ తరువాతే స్టార్ట్ చేశారు.

కింది మోత పోయింది. పైనుంచి మాత్రం సన్నగా టిక్ టిక్. “ఉస్తాద్, గది గూడ తీసేయరాదు?” అన్నాడు మావాడు. ఉస్తాద్ ఫీలర్ గేజ్ పెట్టి చూపించాడు, టప్పెట్ ఖాళీ ఉండాల్సినంతే ఉంది. వాల్వు వేడికి పొడుగవుతుంది, ఆ పొడుగు పట్టడానికే ఆ ఖాళీ. మోత ఆపాలని దాన్ని బిగిస్తే వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, సందులోంచి మంట దూరి దాని అంచు కాలిపోతుంది. “గది మోగాలె బేటా, మోగకుంటేనే నా తానకు రా” అని బానెట్ మూశాడు.