పెరిగే షేరును వెంబడించుటా? పడిన షేరును పట్టుటా?

గుంటూరు మిర్చి యార్డుతో పరిచయమున్న వ్యాపారస్తులకు ఈ విషయం కొత్తది కాదు. ధర వరుసగా పెరుగుతున్నదంటే ఇంకా పెరుగునన్న నమ్మకంతో నేడే సరుకు కొనేవారు కొందరు. ధర పడిపోయి, రైతులు విసిగి అమ్ముకొంటున్న వేళ కొని, బస్తాలను శీతల గిడ్డంగిలో ఉంచి వేచియుండేవారు మరికొందరు. షేర్ల కొనుగోలులోనూ ఈ రెండు మార్గాలు ఉన్నవి. మొదటిదానిని మొమెంటం పద్ధతి అంటారు. రెండవది కాంట్రేరియన్ పద్ధతి. దీనిని ఎదురీత అనవచ్చును.

పరస్పర విరుద్ధమైన ఈ రెండూ ఎట్లా ఫలిస్తాయని మీరు అడుగవచ్చు. సమాధానం కాలవ్యవధిలో ఉన్నది. అమెరికా మార్కెట్టును పరిశీలించి 1985లో వెర్నర్ డి బాంట్, రిచర్డ్ థేలర్ ప్రచురించిన వ్యాసం ప్రకారం, మూడేళ్లపాటు బాగా నష్టపోయిన షేర్లు తరువాతి మూడేళ్లలో, అంతకుముందు బాగా లాభపడిన షేర్లకంటే సుమారు 25 శాతం అధికంగా రాణించాయి. 1993లో నరసింహన్ జగదీశ్, షెరిడన్ టిట్‌మన్ వేరొక ఫలితం చూపారు. గత ఆరు నెలలలో ముందున్న షేర్లను కొని, వెనుకబడిన వాటిని అమ్మి, ఆరు నెలలు ఉంచిన పక్షంలో ఏడాదికి సగటున 12 శాతం మేర లాభం కనిపించింది. మంచి వార్త అందరికీ ఒకేసారి చేరదు. కనుక కొన్ని నెలలు ధర నిదానంగా పెరుగుతుంది. అందరికీ చేరిన పిమ్మట ఆశ హద్దు దాటుతుంది. అంటే మొమెంటం నెలల లెక్క, ఎదురీత సంవత్సరాల లెక్క.

మన మార్కెట్టులోనే చూడండి. 2008 జనవరిలో సెన్సెక్స్ 21,000 దాటింది. ఆ ఊపును నమ్మి అప్పుడు ప్రవేశించినవారు 2009 మార్చిలో దానిని 8,200 లోపు చూడవలసి వచ్చింది. లోక్‌సభ ఎన్నికల ఫలితాల తరువాత, 2009 మే 18న, అదే సెన్సెక్స్ ఒక్కరోజులో 2,100 పాయింట్లకు పైగా ఎగసి లావాదేవీలు నిలిచిపోయాయి. భయపడి మార్చిలో అమ్ముకొన్నవారికి తిరిగి ప్రవేశించే వ్యవధి దొరకలేదు.

అయితే ఎదురీతే మేలనుకోరాదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సత్యం కంప్యూటర్స్ షేరు 2008 డిసెంబరు 17న ఒక్కరోజులో సుమారు 30 శాతం పడి 158 రూపాయల దగ్గర నిలిచింది. చౌకగా దొరికినదని కొన్నవారికి మూడు వారాలు గడవకముందే, 2009 జనవరి 7న, లెక్కలు తప్పుడువని ఛైర్మనే అంగీకరించిన వార్త వచ్చింది. ఆనాడు షేరు 40 రూపాయలకు దిగింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థలో వాటా తీసుకొన్నది షేరుకు 58 రూపాయల చొప్పున. తేమ పట్టిన కాయ తక్కువ ధరకు వచ్చినంత మాత్రాన బేరం కాదు గదా! ధర ఎందుకు పడినదో, మార్కెట్టు భయం చేతనా, కంపెనీ లోపం చేతనా అన్నది తేల్చుకొనగలిగినవారికే ఈ మార్గం.

మొమెంటంలో ఖర్చు ఎక్కువ. తరచు కొని అమ్మవలె, ప్రతిసారీ బ్రోకరేజి చెల్లించవలె. 12 నెలలలోపు అమ్మిన లాభంపై 2024 జూలై 23 నుండి 20 శాతం పన్ను. ధర ఇంతకు దిగితే అమ్మివేయమని ముందే ఇచ్చే స్టాప్‌లాస్ ఆదేశం కొంత రక్షణే గాని, లోయర్ సర్క్యూట్ తగిలి కొనేవారే లేనప్పుడు అది పనిచేయదు. కొన్న నాడే అమ్మే ఇంట్రాడే వర్తకంలో 2022-23 సంవత్సరంలో ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారని సెబీ అధ్యయనం.

ఇక రుణగ్రహీతల మాట. 2025-26లో కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల వరకు పంటరుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లిస్తే 3 శాతం ప్రోత్సాహకం పోను 4 శాతమే. ఇంత చవక సొమ్మును షేర్లలో తిప్పుదామన్న ఆలోచన కొందరికి కలుగుతున్నది. అది సాగుకు ఇచ్చిన సొమ్ము అన్న సంగతి అటుంచి, లెక్క చూడండి: పంటరుణం గడువు నెలలలో, ఎదురీత కోరే గడువు మూడేళ్లు. వాయిదా తేదీ నాటికి షేరు అడుగున ఉంటే, దానిని ఆ ధరకే అమ్మవలె. లేదా వాయిదా తప్పి ఆ 3 శాతం వదులుకొని, మరుసటి పంటకు ఎరువు అరువు తెచ్చుకొనవలె.