డోలి ఆగితే కథ కూడా ఆగినట్టేనా? కోయ పిల్లలు సొంత భాషలో ఎందుకు రాయాలంటే..

పిల్లలకు కథ రాయడం నేర్పాలంటే ముందు వాళ్లకు బాగా వచ్చిన భాష కావాలి. భద్రాచలం ఏజెన్సీలో చిక్కు అక్కడే. చాలా ఇళ్లలో మాట కోయ, బడిలో పాఠం తెలుగు.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యనే తీసుకోండి. సమ్మక్క-సారలమ్మ గాథను కోయలో, తెలుగులో పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. నోటి నుంచి నోటికి వచ్చిన ఇలాంటి గాథలు నేర్చుకునేవాళ్లు, రాసిపెట్టేవాళ్లు లేకపోతే పాడేవాళ్లతోనే పోతాయి.

మరి ఏ లిపిలో రాయాలి?
ఉమ్మడి ఏపీలోనే కోయ సహా 8 గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు పుస్తకాలు తెచ్చారు. భాష కోయ, అక్షరాలు తెలుగువి. అంటే తెలుగు రాయడం వచ్చిన పిల్లలు తాత చెప్పిన కథను తాత మాటల్లోనే రాసేయొచ్చు.

అయినా ఎందుకు రాయట్లేదు?
2011 జనాభా లెక్కల ప్రకారం కోయ మాట్లాడేవాళ్లు సుమారు 4 లక్షలు. 8వ షెడ్యూల్‌లో ఈ భాషకు చోటు లేదు. పై తరగతుల్లో పరీక్షలు తెలుగు, ఇంగ్లిష్‌లోనే. కోయలో రాస్తే మార్కులు రావు.

ఇప్పుడేం చేయొచ్చు?
సెలవులకు ఇంటికెళ్లే హాస్టల్ పిల్లలు ఒక్క కథైనా ఫోన్‌లో రికార్డ్ చేసి, విన్నది విన్నట్టు నోట్‌బుక్‌లో ఎక్కించాలి. చెప్పినవాళ్ల పేరు, ఊరు కూడా రాసుకోవడం మర్చిపోవద్దు.