మీకు తెలుసా? లైవ్‌లో కామెంట్లు తెరమీదికి ఎక్కేదిలా!

కార్వేటినగరం వేణుగోపాలస్వామి గరుడవాహనం మీద ఊరేగుతుంటే యూట్యూబ్‌లో లైవ్ పెట్టారనుకోండి. బెంగళూరులో, చెన్నైలో ఉన్న ఊరివాళ్లు ‘గోవిందా’ అని టైపు చేయగానే ఆ మాట తెర పక్కనుంచి జారుకుంటూ వచ్చి, కాసేపు నిలిచి, మాయమవుతుంది. దీన్నే చాట్ ఓవర్‌లే అంటారు. గేములు ఆడేవాళ్ల దగ్గర పెరిగిన ఈ ముచ్చట ఇప్పుడు పెళ్లి లైవ్‌లకూ వచ్చేసింది.

● ఆ కదిలే అక్షరాలు వీడియో కాదు, ఒక వెబ్ పేజీ! లైవ్ ప్రసారాలకు వాడే ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో (2012లో హ్యూ బెయిలీ మొదలుపెట్టాడు) ‘బ్రౌజర్ సోర్స్’ ఉంటుంది. దాని లోపల పనిచేసేది క్రోమియం బ్రౌజరే. కెమెరా దృశ్యం మీద ఆ పేజీని గాజుపలకలా పరుస్తుంది. అందుకే వెబ్ పేజీకి వచ్చే తిప్పలన్నీ దీనికీ తప్పవు.

● నిన్న చక్కగా పనిచేసిన ఓవర్‌లే ఇవాళ మూగబోయిందా? యూట్యూబ్‌లో కొత్త లైవ్ పెట్టిన ప్రతిసారీ కొత్త వీడియో ఐడీ పుడుతుంది. చాట్‌ను విడి కిటికీలో తెరిచే పాపౌట్ లింకులో ఉండేది ఆ ఐడీయే; బ్రౌజర్ సోర్స్‌కు ఇచ్చేది ఆ లింకునే. నిన్నటి వాహనసేవ లింకును అలాగే వదిలేస్తే ఇవాళ్టి కామెంట్లు రమ్మన్నా రావు. కొత్త లింకు అతికిస్తే సరి. ఇంకో మెలిక ఉంది: ‘పిల్లల కోసం’ అని టిక్ పెడితే ఆ లైవ్‌కు అసలు చాటే ఉండదు.

● కామెంట్ల వెనక తెల్లటి డబ్బా కనిపిస్తే, చాట్ పేజీ తన సొంత రంగు వదల్లేదని అర్థం. సోర్స్ ప్రాపర్టీస్‌లో, పేజీ రూపాన్ని మార్చే ‘కస్టమ్ సీఎస్ఎస్’ గడిలో ఆ రంగును తీసేయాలి. కామెంట్లకు అలంకారంగా విడిగా పెట్టిన యానిమేషన్ చుట్టూ నల్లటి డబ్బా వస్తే తప్పు ఆ ఫైలుది. మామూలు ఎంపీ4 పారదర్శకతను మోయలేదు. జిఫ్ మోస్తుంది కానీ దానికి 256 రంగులే, పైగా అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. పారదర్శకతతో చేసిన వెబ్‌ఎమ్ ఫైలైతే ఈ గొడవ ఉండదు.

● తెలుగుకు ఓ ప్రత్యేక పరీక్ష ఉంది. ఓబీఎస్‌లోని ఫ్రీటైప్ టెక్స్ట్ సోర్స్ ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా పేరుస్తుంది కాబట్టి ‘కార్వేటి’లో వ వత్తు కుదురుగా కూర్చోదు. బ్రౌజర్ సోర్స్‌లో కూర్చుంటుంది. అయితే అక్కడా సీఎస్ఎస్‌లో లైన్ హైట్ బిగుతుగా ఇచ్చి, డబ్బా దాటిన భాగాన్ని దాచేస్తే కింది వత్తు తెగిపోతుంది; స్వామి కాస్తా సామి అయిపోతాడు! లైన్ హైట్ వదులుగా ఇస్తే నిశ్చింత.

● డిజైన్ మార్చినా పాతదే వస్తుంటే ఓబీఎస్‌ను తిట్టుకోకండి. ప్రాపర్టీస్ అడుగున పేజీ కేష్‌ను రిఫ్రెష్ చేసే బటన్ నొక్కండి. సీన్ మార్చి తిరిగి రాగానే అప్పటిదాకా వచ్చిన కామెంట్లు ఖాళీ అయ్యాయంటే, సోర్స్ కనిపించనప్పుడు దాన్ని ఆపేసే టిక్ పడి ఉండొచ్చు. అక్షరాలు కుదుపులతో కదులుతుంటే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో బ్రౌజర్ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఉందో లేదో చూడండి.

● హారతి అయిపోయాక ‘హారతి బాగుంది’ అని వస్తే ఓవర్‌లేది తప్పు కాదు. ప్రేక్షకుడికి దృశ్యమే ఆలస్యంగా చేరింది. యూట్యూబ్‌లో ‘అల్ట్రా లో లేటెన్సీ’ ఎంచుకుంటే ఎక్కువమందికి ఈ జాప్యం 5 సెకన్ల లోపే ఉంటుంది. నెట్ అంతంతమాత్రంగా ఉన్నచోట మాత్రం వీడియో ఆగి ఆగి నడిచే ప్రమాదం పెరుగుతుంది.

● అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది. చాట్‌లో వచ్చిన చెడ్డ కామెంటును తర్వాత తొలగించవచ్చు. ఓవర్‌లే మీదికి ఎక్కిన కామెంటు మాత్రం వీడియోలో కలిసిపోతుంది. చాట్‌లో చెరిపేసినా రికార్డింగులో ఉండిపోతుంది. పెళ్లి వీడియో ఏళ్ల తరబడి చూసుకునేది కదా! అందుకే లైవ్ మొదలుపెట్టకముందే యూట్యూబ్ స్టూడియోలో ‘బ్లాక్డ్ వర్డ్స్’ జాబితా నింపి, అనుమానం ఉన్న కామెంట్లు మీరు చూశాకే బయటికి వచ్చేలా పెట్టుకోండి. జాబితాలో బూతులను తెలుగు లిపిలోనే కాదు, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాయాలి. మనవాళ్లు చాలామంది తెలుగును టైపు చేసేది అలాగే మరి!