డబ్బు లేని మార్పిడి, కాదనే హక్కు

పైసా చేతులు మారకుండా ఇరుగుపొరుగు తమ పనితనాన్ని ఇచ్చిపుచ్చుకోవాలన్న ఆలోచన వినసొంపుగా ఉంటుంది. ఒకరు పక్కింటి పిల్లలకు లెక్కలు చెబితే, ఆ ఇంటివారు బదులుగా బట్టలు కుట్టి పెడతారు. మనుషులను దగ్గర చేసే ఈ పద్ధతిని కాదనవలసిన పని లేదు. అయితే దీన్ని కీర్తించేవారు వెంటనే ‘మన పాత పల్లెల్లో జరిగింది ఇదే కదా’ అంటారు. పేచీ అక్కడే ఉంది.

పాత పల్లెలో ఉన్నది ఆయగాండ్ర వ్యవస్థ. వడ్రంగి నాగలి చెక్కేవాడు, కమ్మరి కర్రు సరిచేసేవాడు, కుమ్మరి కుండలిచ్చేవాడు, చాకలి బట్టలుతికేవాడు, మాదిగ చెప్పులూ మోటకు తోలు బొక్కెనా కుట్టి ఇచ్చేవాడు. పంట నూర్చాక కళ్లం దగ్గర రైతు మేర కొలిచేవాడు. నగదు లేదన్నది నిజమే. స్వేచ్ఛ కూడా లేదు. ఎవరు ఏ పని చేయాలో పుట్టుక నిర్ణయించింది. ఆ పనికి ఎంత విలువో కుంచం పట్టిన చేయి నిర్ణయించింది.

పైగా ఈ మార్పిడి అందరి మధ్యా సాగలేదు. మాదిగ కుట్టిన చెప్పు ఊరంతా తొడిగింది. కానీ ఊరి మంగలి అతనికి క్షవరం చేయలేదు, ఊరి చాకలి అతని బట్ట ముట్టలేదు, ఊరి పురోహితుడు అతని ఇంట పెళ్లి చేయించలేదు. చేస్తే తమ మేర పోతుందన్న భయం మంగలికీ, చాకలికీ ఉండేది. మోటకు బొక్కెన కుట్టిన చేయి ఊరి మంచినీళ్ల బావిని తాకరాదు. ఇచ్చేటప్పుడు ఊరిలో భాగమైన మనిషి, పుచ్చుకునేటప్పుడు ఊరి వెలుపల ఉన్నాడు.

అమెరికన్ మిషనరీ విలియం వైజర్ ఉత్తరప్రదేశ్‌లోని ఒక గ్రామాన్ని పరిశీలించి, ఇటువంటి జజ్మానీ వ్యవస్థను పరస్పర సేవల అల్లికగా చిత్రిస్తూ 1936లో పుస్తకం ప్రచురించారు. అదే ఏడాది వెలువడిన ‘కుల నిర్మూలన’లో అంబేడ్కర్, కులం విభజించింది పనులను మాత్రమే కాదని, పనిచేసే మనుషులనే హెచ్చుతగ్గులుగా విడదీసిందని వాదించారు. అంతకు ముందే, 1928లో, మహర్ల వతను చట్టాన్ని సవరించాలని బొంబాయి శాసనమండలిలో బిల్లు తెచ్చారు. వంశపారంపర్య చాకిరీ నుంచి బయటపడే వీలు, నిర్దిష్టమైన పని, నికరమైన ప్రతిఫలం ఆయన కోరినవి. పల్లె వదిలి పట్నంలో కూలికి కుదిరిన దళితునికి చేతిలో పడిన నగదు కేవలం డబ్బు కాదు. నచ్చని పనిని కాదనగల శక్తి అది.

అలాగని డబ్బు లేని మార్పిడి అంతా దోపిడీ కాదు. నాట్ల వేళ చిన్నరైతులు చేసుకునే బదులు పని చూడండి. నేడు నీ చేలో, రేపు నా చేలో. రోజుకు రోజు సమానం. మాట తప్పినవారితో మళ్లీ కలవకుండా ఉండే వీలుంది. 1973లో ఒసాకాలో తెరుకో మిజుషిమా స్థాపించిన శ్రమ బ్యాంకు, 1980లలో అమెరికాలో ఎడ్గార్ కాన్ ప్రచారం చేసిన టైమ్ బ్యాంకు దాదాపు ఈ సూత్రం మీదే నిలిచాయి. లాయరు గంటైనా, తోటమాలి గంటైనా గంట గంటే.

ఈ సూత్రాన్ని మన అపార్ట్‌మెంట్లలో అమలు చేయగలమా? స్నేహితులు, ఇరుగుపొరుగు అన్న వలయం మన దగ్గర చాలాసార్లు కులం గీసినదే. అద్దెకు ఇల్లు అడిగితే కులం అడిగే చోట, ఆ వలయంలోకి ఎవరు వస్తారో ఊహించడం కష్టం కాదు. సంగీతం, యోగా, ఇంగ్లిషు ‘నైపుణ్యాలు’ అవుతాయి. మురుగు తీయడం, గిన్నెలు తోమడం ‘చాకిరీ’గానే మిగిలిపోతాయి.

కనుక ఇటువంటి మార్పిడిని మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. మెట్లు కడిగే మనిషి గంటకు సంగీతం నేర్పే మనిషి గంటతో సమాన విలువ ఉందా? ఆమె బిడ్డ ఆ సంగీతం నేర్చుకోగలదా? ఇష్టం లేనప్పుడు, నష్టపోతానన్న భయం లేకుండా ఆమె ‘చేయను’ అనగలదా? మూడింటికీ అవునని చెప్పగలిగితే అది కొత్త సమాజానికి పునాది. చెప్పలేనప్పుడు ఆమెకు న్యాయమైన జీతాన్ని నెల మొదటి తేదీన చేతిలో పెట్టడమే గౌరవం.