మట్టిదారులలో మోటారు సైకిలు

మోటారు సైకిలుపై దూరప్రయాణము అనగానే నున్నని తారురోడ్డును, దానికి ఇరువైపుల వెనుకకు పరుగెత్తు చెట్లును మన కన్నులకు కట్టును. కాని తారు ముగిసినచోట మొదలగు ప్రయాణము వేరొకటి కలదు. పెట్రోలు బంకు కనుపించదు. ఊరిపేరు తెలుపు పలక ఉండదు. ఒక్కొక్కప్పుడు గంటలతరబడి మనిషియైనను ఎదురుపడడు. అట్టి మట్టిబాటలకు ఆస్ట్రేలియా ఖండపు నడిభాగము ప్రసిద్ధి. అచ్చట విలూనానుండి హాల్స్ క్రీక్ వరకు పోవు కానింగ్ దారి సుమారు 1850 కిలోమీటర్ల పొడవు. పశువుల మందలను తోలుకొనిపోవుటకై 1908-1910 సంవత్సరముల నడుమ ఆ దారివెంట బావులు త్రవ్విరి. నేడు సాహసికులు మోటారు సైకిళ్ళపై ఆ యెడారిని దాటుచున్నారు.

ఆ విద్యను నేర్చుటకు అంతదూరము పోనక్కరలేదు. వాడరేవు ఇసుకలో బయలుదేరి, పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేట, వినుకొండ ప్రాంతముల పొలములగుండా పడమటికి పోయి, కారెంపూడి దాటి మాచెర్ల చేరునంతలో, మట్టిదారి ప్రయాణికునకు కావలసిన పాఠములలో పెక్కింటిని మన నేలయే చెప్పును. నేడు ఈ ఊళ్ళనన్నింటిని కలుపు మంచి రోడ్లు ఉన్నవి. వేగముగా పోగోరువాడు ఒక్క పూటలో మాచెర్ల చేరగలడు. డొంకలవెంట పోవువానికి మూడు దినములు పట్టును. కాని ఆ మూడు దినములలో నేల నాలుగుమారులు మారును: తీరపుటిసుక, నల్లరేగడి, గరపతో కూడిన ఎర్రనేల, పలనాటి నాపరాయి. ఒక్కొక్క నేలకు ఒక్కొక్క గుణము. మట్టిదారిలో మోటారు సైకిలు నడుపుట యనగా యంత్రమును నడుపుట మాత్రమే కాదు, నేలను చదువుట.

యంత్రమును గురించి మొదట రెండు మాటలు. అమెరికా దేశస్థుడగు రాబర్టు ఫుల్టను 1932లో లండనునుండి డగ్లసు మోటారు సైకిలుపై బయలుదేరి, మనదేశము మీదుగా ప్రపంచమును చుట్టి 1933 చివర న్యూయార్కు చేరెను. మనదేశమున ఎన్‌ఫీల్డు బుల్లెట్టు 1955నుండి మద్రాసులోను, జావా 1961నుండి మైసూరులోను తయారైనవి. ఆ బండ్లు బరువైనవైనను పల్లెలోని మెకానికు చేతికి లొంగునవి. దూరపు మట్టిదారికి నేటికిని అదే ముఖ్యలక్షణము. ఎంత వేగముగా పోగలదు అనునది కాదు, చెడినచో ఎచ్చట ఎవరు బాగుచేయగలరు అనునది మొదట అడుగవలసిన ప్రశ్న.

వాడ యనగా ఓడ. ఒకప్పుడు ఓడలు నిలిచిన రేవు గనుక వాడరేవు. 1970 వరకు గుంటూరు జిల్లాలోను, పిదప ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022నుండి బాపట్ల జిల్లాలో చేరిన ఈ బెస్తపల్లెకు చుట్టును సరుగుడు తోటలు, ఇసుక తిన్నెలు. ఇసుకలో కొత్తవాడు చేయు తప్పు ఒక్కటే: భయపడి వేగము తగ్గించుట. వేగము తగ్గగానే ముందు చక్రము దిగబడును. బండి ప్రక్కకు ఒరుగును. ఇసుకలో దిగకముందే చక్రములలోని గాలిని కొంత తీసివేయవలెను. 28 పౌండ్లున్న గాలిని 18 పౌండ్ల వరకు తగ్గించినచో టైరు వెడల్పుగా పరచుకొని, ఒంటె పాదమువలె ఇసుకపై నిలుచును. పిదప లేచి కాలిమెట్లపై నిలుచుండి, బరువును వెనుకకు వేసి, ఒకే తీరుగా పెట్రోలు అందించుచు పోవలెను. గట్టినేల చేరగానే మరల గాలి నింపుట మరువరాదు. లేనిచో మొదటి రాయి తగులగానే ట్యూబు చీలును.

ఒక హెచ్చరిక. అలలు తడిపిన ఇసుక గట్టిగా నుండునని నీటియంచున బండి నడుపుటకు కొందరు ఉత్సాహపడుదురు. ఉప్పునీరు గొలుసును తుప్పు పట్టించుట అటుండగా, ఈ తీరమున చలికాలపు చివరనుండి వేసవివరకు సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. చక్రము క్రింద ఏమి నలుగుచున్నదో నడుపువానికి తెలియదు. కావున ఒడ్డును విడిచి, తోటల వెనుకనున్న బాటనే పట్టుట మంచిది.

చీరాల దాటి, కొమ్మమూరు కాలువ దాటి పర్చూరు వైపు మరలినంతనే నేల రంగు మారును. ఇదియే ప్రత్తికి, మిరపకు పేరుగన్న నల్లరేగడి. ఎండినప్పుడు ఈ నేలలో డొంక రాతివలె గట్టిపడును. వానకాలమున బండిచక్రములు కోసిన గాళ్ళు వేసవిలో అట్లే బిగిసిపోవును. మోటారు సైకిలు చక్రము ఆ గాడిలో పడినచో తనంత తాను బయటికి రాదు. బలవంతముగా త్రిప్పబోయినవాడు పడును. గాడిలో పడినప్పుడు గాడిలోనే నెమ్మదిగా పోయి, అది లోతు తగ్గినచోట బయటపడవలెను. రెండుగాళ్ళ నడుమనున్న మిట్టపై పోగలిగినచో మరియు మేలు.

ఇది ఎండిన రేగడి సంగతి. తడిసిన రేగడి సంగతి నాకు ఒక ఫిబ్రవరి నెలలో తెలిసినది. పర్చూరు దాటిన పిదప డొంకలో పోవుచుండగా అకాలముగా ఒక జల్లు కురిసెను. పావుగంట వాన; అంతే. దుమ్ము అణగినదని సంతోషించితిని. నూరు గజములు పోకముందే చక్రమునకు పట్టిన మన్ను మడ్‌గార్డులో కూరుకొని, చక్రము తిరుగుట మానెను. కఱ్ఱతో గీకితిని, పది గజములు నడిచి మరల నిలిచెను. ఇంజను పొగలు గ్రక్కుచున్నను బండి కదలదు. నా చెప్పులక్రింద ఇటుకలంత మన్ను పేరుకొనెను. తెచ్చుకొనిన నీరు సగమునకు పైగా అయిపోయెను. సత్తువకొలది మరల నెట్టబోవుచుండగా, ప్రక్క మిరపచేనిలో కల్లము కాచుచున్న పెద్దరైతు గట్టుపై నిలిచి కేకవేసెను.

“ఏం అబ్బాయ్, ఎందుకు దాంతో కుస్తీ పడతావు? పదును తెలియకుండా డొంకలో దిగావు. ఇప్పుడు లాగితే బండీ మిగలదు, నువ్వూ మిగలవు.”

“ఎంతసేపు ఆగాలి బాబాయ్?” అని అడిగితిని.

“మన్ను చెబుతుంది. నీడలోకి రా, మజ్జిగ తాగు.”

మూడు గంటలు ఆ పాకలో కూర్చుంటిని. జల్లు పడగానే పరదాలు కప్పిన మిరపకాయలను ఎండ రాగానే విప్పుచు ఆయన చెప్పిన సంగతులు ఏ పుస్తకమునను నేను చదివినవి కావు. మట్టిని పిడికిట పట్టి నొక్కి విడువవలెను. ముద్దగా నిలిచి వ్రేళ్ళకు అంటినచో దారి లేదు. ముద్ద విరిగి పొడియై రాలినచో దారి ఉన్నది. నాగలి కట్టువానికి ఈ పరీక్ష తాతల నాటినుండి తెలిసినదే. దానినే పదును అందురు. సాయంకాలమునకు చక్రములపై మన్ను ఎండి, పెళ్ళలు పెళ్ళలుగా రాలెను. ఉదయమునుండి నా బలము చేయలేనిది మధ్యాహ్నపుటెండ చేసినది.

ఈ మన్ను ఇట్లు ప్రవర్తించుటకు కారణమును శాస్త్రజ్ఞులు చెప్పుదురు. రేగడిలోని జిగటమన్ను రేణువులు పుస్తకములోని పుటలవలె పొరలుపొరలుగా నుండును. వాన కురియగానే నీరు ఆ పొరల నడుమ జొరబడి, మన్ను ఉబ్బి జిగురగును. ఎండలో నీరు పోగా ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. నీటిని పట్టి యుంచు ఈ గుణమే వాన వెనుదీసిన పిదపకూడ ప్రత్తిచెట్టును బ్రతికించును. రైతునకు వరమైనది బాటసారికి శాపమైనది. ఆస్ట్రేలియాలో క్వీన్సులాండు రాష్ట్రమునందలి డార్లింగ్ డౌన్సు మైదానములలోను ఇట్టి నల్లమన్నే కలదు. అచ్చటను ప్రత్తి పండును. వాన కురిసినచో ఆ రాష్ట్రములోని మట్టిదారులను అధికారులు మూసివేయుదురు. సముద్రములు దాటినను మన్ను స్వభావము మారలేదు.

నరసరావుపేట దాటి వినుకొండ వైపు పోవుకొలది నేల ఎరుపెక్కును. గరప పరచిన దారులలో అడ్డముగా, వరుసగా, చాకలిబండ మెట్లవలె అలలు కనబడును. వాటిపై బండి గడగడలాడి, మరలు వదులగును. ఇవి ఎవరో చెక్కినవి కావు; చక్రములే చేసినవి. వేగముగా పోవు చక్రము చిన్న మిట్టపై ఎగిరి, పడినచోట మన్నును త్రోసి మరియొక మిట్టను లేపును. ఒక పరిమితికి మించిన వేగముతో చక్రము దొర్లినంత కాలము ఈ అలలు ఏర్పడుచునే యుండునని 2007లో ప్రకటింపబడిన ప్రయోగములు చూపినవి. ఇట్టిచోట చేతులు బిగించి పిడిని అదిమిపట్టరాదు. మోకాళ్ళతో బండిని పట్టి, చేతులు వదులుగా నుంచవలెను. దినాంతమున ప్రతి మరను బిగించి చూచుకొనవలెను. గాలిజల్లెడలోని దుమ్మును దులుపవలెను.

కారెంపూడి చేరునప్పటికి నాపరాయి నేలనుండి పైకి పొడుచుకొనివచ్చును. ఇచ్చట పదునైన రాళ్ళు టైరునకు శత్రువులు. నాగులేరువంటి వాగులను దాటునప్పుడు ముందుగా కాలినడకన దిగి లోతు చూడవలెను. పైన కొండలలో వాన కురిసినచో ఇచ్చట ఆకాశము నిర్మలముగా నున్నను వాగు పొంగవచ్చును. మాచెర్ల దాటి నల్లమల అడవిలోనికి పోగోరువారు అటవీశాఖవారి అనుమతి లేనిదే బాట విడిచి పోరాదు. అది 1983లో ప్రకటింపబడిన పులుల సంరక్షణ కేంద్రము.

ఇక నీరు, ఇంధనము. మన మైదానములో ఊరికి ఊరికి దూరము తక్కువ కావున ఈ లెక్క అంత అవసరము కాదని తోచును. కాని మిట్టమధ్యాహ్నము చేలలో మనుష్యులుండరు. నా అనుభవము చెప్పనే చెప్పితిని. మనిషికి దినమునకు ఐదులీటర్ల నీరు ఉండవలెను. తారురోడ్డుపై బండి పోవు దూరములో మూడవవంతు తగ్గించి పెట్రోలు లెక్క వేసికొనవలెను. ఏ దారిన పోవుచున్నామో, ఎప్పటికి చేరుదుమో ఒకరికి చెప్పి పోవలెను. 1963 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని బర్డ్స్‌విల్ దారిలో ఐదుగురుగల ఒక కుటుంబము దారితప్పి, ఇంధనము అయిపోయి, నీరులేక ఎండకు మరణించెను. ఆ దారి పొడవు 517 కిలోమీటర్లు. దాని ఇరుకొనల ఊళ్ళు కలవు. అయినను ఎడారిలో బండిని విడిచి నడువబోయినవారిని ఏ ఊరును కాపాడలేకపోయెను. బండి నిలిచిపోయినచో బండియొద్దనే నీడచూచుకొని యుండవలెననునది ఆ దేశము పెద్దవెల చెల్లించి నేర్చిన పాఠము.

ఈ ప్రయాణమునకు అనువైన కాలము సంక్రాంతి మొదలు శివరాత్రి దాటువరకు. అప్పటికి ఈశాన్యపు వానలు, తుపానులు వెనుదీయును, ఎండలు ముదరవు. అయితే అదే కాలమున చేలలో ప్రత్తి తెల్లగా విచ్చియుండును; కల్లములలో మిరప ఎఱ్ఱగా ఆరబోసి యుందురు. ఏడాది కష్టమంతయు అప్పుడు ఆరుబయట నుండును. మన చక్రము లేపిన దుమ్ము ఆ ప్రత్తిపై, ఆ మిరపపై పడినచో సరుకు వెల తగ్గును. కల్లము కనబడగానే వేగము తగ్గించి, మనిషి నడకతో సమానముగా పోవుట మర్యాద మాత్రమే కాదు, ధర్మము. డొంక మనది కాదు. అది ఎడ్లబండికొరకు, గొడ్డుకొరకు, పొలముపోవు మనిషికొరకు ఏర్పడినది. మనము అతిథులము.

1830 మే నెలలో మద్రాసునుండి కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి దారి యెట్టిదో, నీరు ఎట్టిదో, ఏమి దొరకునో తన యాత్రాచరిత్రలో వ్రాసియుంచిరి. మన యువకులు డొంకలవెంట పోవునప్పుడు అట్టి చిన్న పుస్తకము ఒకటి జేబులో నుంచుకొనినచో బాగుండును. ఏ గట్టుపై చెట్టునీడ కలదు, ఏ వాగుకు చప్టా కలదు, ఏ మన్ను ఎంత వానకు దారి ఇయ్యదు అని వ్రాసికొనవలెను. డొంకలు కొన్ని తారురోడ్లగుచున్నవి. కొన్ని చేలలో కలిసిపోవుచున్నవి. వాటితోపాటు వాటి పదును తెలిసినవారును తగ్గిపోవుచున్నారు.

ఆనాడు సాయంకాలము బండి ఎక్కబోవుచు ఆ పెద్దరైతునకు నమస్కరించి, “మరల ఎప్పుడైనను ఈ దారిన వచ్చినచో చూతును” అని చెప్పితిని. ఆయన నవ్వి, “రా అబ్బాయ్. వచ్చేముందు మాత్రం ఓసారి మన్ను పట్టి చూడు” అనెను. అప్పటినుండి డొంకలో దిగునప్పుడెల్ల బండి ఆపి, వంగి, పిడికెడు మన్ను తీసి నొక్కి చూచుచున్నాను.