మీకు తెలుసా? కాలేజీ మారారు, కప్పు కొట్టారు

లక్రాస్ ఉత్తర అమెరికా మూలవాసుల ఆట. కర్ర చివర చిన్న వల ఉంటుంది. అందులో బంతి పట్టుకుని పరుగెత్తుతూ గోల్ కొట్టాలి. అమెరికా కాలేజీల్లో దీనికి పెద్ద ఆదరణ ఉంది. అక్కడ కొన్ని జట్ల తలరాత మార్చింది వేరే కాలేజీల నుంచి వచ్చి చేరినవాళ్లే.

బోస్టన్ కాలేజీ మహిళల జట్టు 2017, 2018, 2019లో వరుసగా మూడుసార్లు జాతీయ కాలేజీ పోటీల ఫైనల్‌కు వెళ్లింది. మూడుసార్లూ ఓడిపోయింది. ఆ తర్వాత డ్యూక్ యూనివర్సిటీ నుంచి షార్లెట్ నార్త్ వచ్చింది. గోల్‌కు ఎనిమిది మీటర్ల దూరంలోని గీత మీద నిలబడి ఆమె ఫ్రీ షాట్ కొడుతుంటే గోలీకి కదిలే వ్యవధి కూడా దొరికేది కాదు. 2021లో ఒక్క సీజన్‌లోనే 102 గోల్స్ కొట్టి అప్పటికి రికార్డు సృష్టించింది. ఫైనల్లో సిరక్యూస్‌పై ఆరు గోల్స్ చేసింది. బోస్టన్ 16-10తో గెలిచి తొలిసారి ఛాంపియన్ అయింది. అయితే మూడు ఫైనల్స్ ఆడిన జట్టు అప్పటికే సిద్ధంగా ఉండబట్టే ఆమె రాక అంతగా ఫలించిందని నా నమ్మకం.

కాలేజీ మారితే ఒక ఏడాది ఆటకు దూరంగా ఉండాలన్న నిబంధన 2021 వరకు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, పురుషుల ఐస్ హాకీలకు ఉండేది. లక్రాస్‌లో మాత్రం మొదటిసారి మారినవాళ్లు సాధారణంగా వెంటనే మైదానంలోకి దిగగలిగేవారు. 2018 అక్టోబరులో, మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక మారడం ఇంకా తేలికైంది.

కోవిడ్ వల్ల 2020 సీజన్ మధ్యలోనే ఆగిపోయింది. ఆటగాళ్లకు అదనంగా ఒక ఏడాది ఆడే అవకాశం ఇచ్చారు. కానీ హార్వర్డ్, కార్నెల్ వంటి ఐవీ లీగ్ కాలేజీల్లో డిగ్రీ పూర్తయ్యాక పీజీ చేస్తూ ఆడటానికి మామూలుగా వీల్లేదు. మిగిలిన ఏడాది వృథా కాకూడదనుకున్నవాళ్లు వేరే చోటికి వెళ్లక తప్పలేదు. ప్రతిభ ఉన్న పిల్లలు ఇష్టపడి చేరిన జట్టును ఇలా వదిలి వెళ్లాల్సి రావడం బాధాకరమే. కార్నెల్‌లో ఆడిన జొనాథన్ డాన్విల్ మేరీల్యాండ్‌లో చేరాడు. 2022 పురుషుల ఫైనల్లో అతనికి ఎదురుగా నిలిచింది తన పాత కాలేజీ కార్నెలే! మేరీల్యాండ్ 9-7తో గెలిచి, 18 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడకుండా సీజన్ ముగించింది. మరుసటి ఏడాది నోటర్‌డామ్‌ను అదనపు సమయంలో గోల్ కొట్టి ఫైనల్‌కు చేర్చిన బ్రయన్ టెవ్లిన్ కూడా మరో ఐవీ కాలేజీ యేల్ నుంచి వచ్చినవాడే. ఆ ఏడాది నోటర్‌డామ్‌కు మొదటి కప్పు దక్కింది.

చిన్న కాలేజీల నుంచి పైకి వచ్చినవాళ్లూ ఉన్నారు. 2023లో మహిళల టైటిల్ గెలిచిన నార్త్‌వెస్టర్న్ గోలీ మాలీ లాలిబర్టీ అంతకుముందు మూడో డివిజన్‌లోని టఫ్ట్స్‌కు ఆడింది.

షార్లెట్ నార్త్ రెండు కాలేజీలకు ఆడి మొత్తం 358 గోల్స్‌తో కెరీర్ రికార్డు నెలకొల్పింది. 2024లో దాన్ని దాటిన ఇజ్జీ స్కేన్ మాత్రం మొదటి నుంచీ నార్త్‌వెస్టర్న్‌కే ఆడింది.