ఇంట గెలిచి రచ్చ గెలుచుట

చదరంగము భారతదేశమున పుట్టిన క్రీడ. అందు ఇరువురు ఆటగాండ్రు ఒకరి తరువాత నొకరు ఎత్తు వేయుదురు. ఒకడు ఆలోచించుచున్నంతసేపు రెండవవాడు వేచియుండును. బలములన్నియు ఇరువురకును కనబడుచునే యుండును. కంప్యూటర్లు వచ్చిన పిమ్మట ఈ రెండు నియమములును లేని యుద్ధక్రీడలు కొన్ని పుట్టినవి. వానియందు వంతులు లేవు. ఇరుపక్షములవారును ఒకే కాలమున పనిచేయుచుందురు. శత్రువు ఏమి చేయుచున్నాడో ఇవతలివానికి కనబడదు. వీనిని 'రియల్ టైమ్ స్ట్రాటజీ' ఆటలందురు. కాలము ఎవరికొఱకును ఆగక నడచు వ్యూహక్రీడలని దీని భావము.

ఇట్టి వానిలో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండవ భాగము ప్రసిద్ధమైనది. అమెరికాలోని ఎన్‌సెంబుల్ స్టూడియోస్ అను సంస్థ దీనిని తయారుచేయగా, మైక్రోసాఫ్ట్ సంస్థ 1999వ సంవత్సరమున వెలువరించినది. 2019లో ఇది క్రొత్త రూపమున మరల వచ్చినది. ఆటగాడు ఒక చిన్న పల్లెతో మొదలుపెట్టి, చీకటి యుగము, భూస్వామ్య యుగము, దుర్గ యుగము, సామ్రాజ్య యుగము అను నాలుగు దశలను దాటుచు రాజ్యమును పెంచుకొనవలెను. ఎదుటివాని రాజ్యమును జయించుటయే గమ్యము.

ఈ ఆటకు క్రొత్తగా వచ్చినవాడు దీనిని కేవలము యుద్ధమని తలచును. కత్తులు, గుఱ్ఱములు, కోటలు వాని మనస్సును ఆకర్షించును. వాడు ఆత్రముగా పదిమంది సైనికులను కూర్చి శత్రువుమీదికి పంపును. అచ్చట ముప్పదిమంది ఎదురగుదురు. ఎదుటివాడు ఏదో మోసము చేసెనని వాడు తలపోయును. నిజమునకు మోసమేమియు లేదు. ఆ ఓటమి యుద్ధభూమిలో కలిగినది కాదు. అంతకు పదినిమిషములు ముందే వాని పల్లెలో కలిగినది. ఎట్లో చూతము.

సాధారణముగా ఆట ప్రారంభమున ఆటగానికి ఒక నగరకేంద్రము, ముగ్గురు పనివారు, గుఱ్ఱమెక్కిన వేగువాడు ఒకడు ఉందురు. ఆహారము 200, కట్టెలు 200, బంగారము 100, రాయి 200 పాళ్లు నిలువ యుండును. నగరకేంద్రమునుండి క్రొత్త పనివానిని రప్పించుటకు 50 పాళ్ల ఆహారమును, ఆట గడియారమున 25 సెకనులును పట్టును. కావున ఉన్న ఆహారము నలుగురికి మాత్రమే చాలును. 100 సెకనులలో అది తీరిపోవును. అంతలోపల గొఱ్ఱెలను వెదకి తెచ్చి ఆహారమును సమకూర్చవలెను. మఱియొక చిక్కు కూడ కలదు. నగరకేంద్రము అయిదుగురికి మాత్రమే ఆశ్రయమియ్యగలదు. అప్పటికే నలుగురున్నారు. వెంటనే ఇల్లు కట్టనిచో ఒక్కడు పుట్టిన తరువాత రెండవవానికి చోటుండదు. ఇంటికి 25 పాళ్ల కట్టెలు చాలును. అది మఱి అయిదుగురికి ఆశ్రయమగును. మొదటి నిమిషముననే ఇంత లెక్క యున్నది.

25 సెకనులకు ఒకడు చొప్పున పదినిమిషములలో 24 మంది పనివారు రాగలరు. క్రొత్తవాడు మఱపుచేత నగరకేంద్రమును రెండున్నర నిమిషములు ఊరక యుంచెననుకొందము. వానికి ఆరుగురు తగ్గుదురు. నష్టము ఆరుగురితో ఆగదు. వారు కొట్టవలసిన కట్టెలు, తవ్వవలసిన బంగారము ఆట ముగియువఱకు లేకపోవును. ఆ కట్టెలతో వేయవలసిన పొలములు లేవు. ఆ పొలములపై బ్రదుకవలసిన సైనికులును లేరు. వడ్డీ పెరిగినట్లు ఈ లోటు పెరుగుచు పోవును. ఎదుటివాని ముప్పదిమంది సైనికులు వచ్చిన దారి ఇదియే.

ఈ సంగతి తెలిసినవాడు కొన్నిసార్లు రెండవ తప్పులో పడును. ఒకేసారి అయిదుగురు పనివారికి ఆజ్ఞ యిచ్చి నిశ్చింతగా నుండును. ఆజ్ఞ యిచ్చిన క్షణముననే 250 పాళ్ల ఆహారము ఖర్చగును. వచ్చువాడు మాత్రము ఒక్కొక్కడే. ముందుగా చెల్లించిన ఆ ఆహారము అంతవఱకు మఱి యే పనికిని రాదు. మూడవ తప్పు లోభము. కొట్టులో వేయి పాళ్ల కట్టెలు నిలువ యున్నవని క్రొత్తవాడు సంతోషించును. ఈ ఆటలో ఖర్చుచేయని ధనము బలము కాదు. అది కట్టని ఇల్లు, వేయని పొలము.

అందుచేత నేర్పరులు మొదటి నిమిషములకు ఒక క్రమమును ఏర్పరచుకొందురు. దీనిని 'బిల్డ్ ఆర్డర్' అందురు. మొదటి ఆరుగురు గొఱ్ఱెలయొద్ద, తరువాతి ముగ్గురు నలుగురు అడవిలో కట్టెలు కొట్టుటకు, ఆ పిమ్మటివాడు అడవిపందిని వేటాడి తెచ్చుటకు అనునట్లు ఈ క్రమముండును. ఎక్కమువలె దీనిని వల్లించినంత మాత్రమున చాలదు, కారణము తెలియవలెను. గొఱ్ఱెలును పందులును త్వరలోనే అయిపోవును. అప్పుడు పొలములు వేయవలెను. ఒక్కొక్క పొలమునకు 60 పాళ్ల కట్టెలు కావలెను. కావుననే ఆకలి రాకముందే కట్టెలు కొట్టించుచున్నారు. కారణము తెలిసినవాడు గొఱ్ఱెయొకటి తప్పిపోయినను క్రమమును సవరించుకొనును, తెలియనివాడు తికమకపడును.

యుగము మార్చుటలోను ఇట్టి వివేకమే కావలెను. భూస్వామ్య యుగమునకు పోవుటకు 500 పాళ్ల ఆహారము, చీకటి యుగపు కట్టడములు రెండు ఉండవలెను. మార్పు జరుగుచున్న 130 సెకనులును నగరకేంద్రమునుండి పనివారు రారు. తొందరపడి పోయినవానికి సైనికులు ముందుగా దొరకుదురు గాని పల్లె చిక్కిపోవును. ఆలసించినవాని పల్లె పుష్టిగా నుండును గాని శత్రువు ముందుగా వచ్చి పడవచ్చును. రెండును ఒకేసారి దక్కవు. ఏది వదలుకొని ఏది పొందవలెనో నిర్ణయించుటయే వ్యూహము.

ఆ నిర్ణయమునకు వార్త కావలెను. ఆటభూమి యంతయు మొదట చీకటిచే కప్పబడి యుండును. వేగువాడు తిరిగినకొలది చీకటి తొలగును. వాడు ముందుకు పోగానే వెనుకటి చోటు మబ్బుపట్టినట్లగును. అచ్చట తరువాత జరుగునది తెలియదు. కావున ఒకమాఱు చూచి వచ్చుట చాలదు. ఈటెకాండ్రు గుఱ్ఱపుదళమును నిలువరింతురు. విలుకాండ్రు దూరమునుండియే ఈటెకాండ్రను కూల్తురు. చిన్న ఈటెలు విసరువారు విలుకాండ్రను అణతురు. శత్రువు ఏ దళమును కూర్చుచున్నాడో తెలిసినవాడు దానికి తగిన విరుగుడును సిద్ధపరచుకొనును. తెలియనివాని వ్యయము వృథా.

ఇంత తెలిసినను క్రొత్తవాడు ఓడిపోవుచునే యుండును. కారణము చూపు. పోరు మొదలైనంతనే వాని కన్ను అక్కడ నాటుకొనిపోవును. పదిమంది సైనికుల పోరాటమును చూచుచు, నగరకేంద్రము ఊరక యున్న సంగతి మఱచును. నేర్పరి పోరు నడుమ సైతము మాటిమాటికి ఇంటివంక చూచును. కీబోర్డుపై 'హెచ్' అను మీట నొక్కినచో నగరకేంద్రము కంటి ముందు నిలుచును. ఒక పనివానికి ఆజ్ఞ యిచ్చి వాడు మరల పోరునకు పోవును. ఇది చేతివేగము కన్న మనోనిగ్రహమునకు సంబంధించిన విద్య.

ఈ విద్య అలవడుటకు మార్గము అంచెలంచెలుగా సాగును. మొదట కంప్యూటరుతో ఒంటరిగా ఆడి, భూస్వామ్య యుగమువఱకు మాత్రమే క్రమమును సాధన చేయవలెను. పిమ్మట మనుష్యులతో ఆడునప్పుడు ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క నియమము పెట్టుకొనవలెను: నేడు నగరకేంద్రము ఊరక యుండరాదు, రేపు ఇండ్ల కొఱత రారాదు. గెలుపోటములను అప్పటికి ప్రక్కన పెట్టవలెను. ప్రతి ఆటయు కంప్యూటరులో నమోదగును. ఓడిన ఆటను మరల నడిపించి చూచుట ఉత్తమ గురువు. నగరకేంద్రము ఎప్పుడు ఊరక యుండెను? కొట్టులో ఏమి వ్యర్థముగా నిలిచెను? శత్రుసేనను ముందుగా చూచితినా? ఈ మూడు ప్రశ్నలు వేసికొనినచో ఇరువదవ నిమిషపు ఓటమికి అయిదవ నిమిషమున కారణము కనబడును. అట్లు చూడక ఎదుటివానిని నిందించువాడు నూఱు ఆటలాడినను మొదటి ఆటయందే నిలిచియుండును.

ఓటములను చూచి అధైర్యపడనక్కరలేదు. అమెరికాలో భౌతికశాస్త్రాచార్యుడుగా నుండిన ఆర్పాడ్ ఈలో అను ఆయన చదరంగపు ఆటగాండ్ర బలమును అంకెలతో కొలుచు పద్ధతిని కల్పించెను. ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో దానిని స్వీకరించినది. ఈ ఆటలోను అట్టి అంకెలను బట్టియే సమబలులను జతచేయుదురు. సమబలులతో ఆడువాడు ఇంచుమించు సగము ఆటలు ఓడుట సహజము. బలము పెరిగినకొలది ఎదుటివారును బలవంతులగుదురు గాన, ఆ సగము ఎన్నటికిని తగ్గదు. కావున పురోగతిని గెలుపుల సంఖ్యలో కాక, తగ్గిన తప్పులలో చూచుకొనవలెను.

ఒక్కొక్క ఆటకు అరగంట, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ పట్టును. వరుసగా ఆరు ఆటలాడి అలసినవానికన్న, ఒక్క ఆట ఆడి దానిని శ్రద్ధతో పరిశీలించినవాడు ఎక్కువ నేర్చును. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిన మాట ఈ క్రీడలో అక్షరాల నిజమగుచున్నది. పల్లెను చక్కదిద్దుకొనినవానికి సేన దానంతట అదే సమకూరును. పల్లెను మఱచినవాని సేన ఎంత వీరముగా పోరాడినను, పడిపోయినవాని చోట నిలుచుటకు వెనుక మఱియొకడుండడు.